ఆలివ్ కోతల్లో పరదేశులు: జెరూసలేం నుంచి నాబ్లస్ దాకా

మంగళవారం, 2019 అక్టోబరు 29

ఢిల్లీ నుంచి టెల్ అవీవ్ వెళ్లే ఎయిరిండియా విమానం ఎక్కగానే వినపడింది తెలుగే. గుంటూరు, కృష్ణా జిల్లాల నుంచి యెరూషలేము యాత్రకు బయల్దేరిన బృందం. అందరికీ ఒకే రంగు టోపీలు, మెడలో పేర్ల కార్డులు, చేతిసంచుల్లో జంతికలు, పచ్చడి సీసాలు. ఈ విమానం సౌదీ మీదుగా నేరుగా వెళ్లడం 2018 మార్చిలో మొదలైంది. అంతకుముందు ఇజ్రాయెల్ వెళ్లే విమానాలను సౌదీ తన ఆకాశంలోకి రానిచ్చేది కాదు.

పక్క సీటు పాస్టరుగారు నా ప్రయాణం సంగతి అడిగారు. పాలస్తీనా పట్టణం నాబ్లస్ దగ్గర ఆలివ్ కోతలు చూడ్డానికి వెళ్తున్నానంటే ఆయనకు వింతగా తోచింది. "బేత్లెహేము రారా బ్రదర్?" అన్నారు. వాళ్ల ప్రోగ్రాంలో బేత్లెహేముకు ఒక రోజంతా ఉంది. ఆ ఊరు పాలస్తీనియన్ల సొంత పాలనా సంస్థ అయిన పాలస్తీనా అథారిటీ కింద ఉంది. అంటే మా విమానంలో వాళ్లంతా పాలస్తీనా వెళ్తున్నవాళ్లే, కానీ వాళ్లను ఆ మాట అనేవాళ్లు ఎవరూ ఉండరు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఈ యాత్రకు డబ్బు సాయం కూడా చేస్తుండేది. ఏడాదికి 3 లక్షల లోపు ఆదాయం ఉన్నవాళ్లకు ఇచ్చే 40 వేలను ఆ నవంబరులోనే 60 వేలు చేశారు.

నన్ను రమ్మన్నది ఒక బ్రిటిష్ టీచరమ్మ. రిటైరయ్యాక హైదరాబాద్‌లో కొన్నాళ్లు పిల్లలకు ఇంగ్లిష్ చెప్పింది, అప్పటి పరిచయం. ఏటా అక్టోబరులో ఒక చర్చి బృందంతో, ఇజ్రాయెల్ ఆక్రమణలో ఉన్న పాలస్తీనా ప్రాంతం వెస్ట్ బ్యాంక్ వెళ్లి రైతులతో పాటు ఆలివ్ కాయలు కోస్తుంది. బయల్దేరే ముందు నాకు పెద్ద మెయిలే రాసింది. కరపత్రాలు వెంట తేవద్దు, అబద్ధం ఆడొద్దు, అడగనిది చెప్పొద్దు. ఈ మూడో సలహా మా అమ్మ పెళ్లిచూపులకు వెళ్లేవాళ్లకు చెబుతుండేది.

టెల్ అవీవ్ విమానాశ్రయం బెన్ గురియన్‌లో కౌంటర్ దగ్గర కూర్చున్న అమ్మాయికి ఇరవై రెండేళ్లుంటాయేమో. ఎందుకొచ్చారు, ఎవరు తెలుసు, ఎక్కడుంటారు అని మర్యాదగానే అడిగింది. జెరూసలేం, హెబ్రోన్, నాబ్లస్ అన్నాను. నాబ్లస్ దగ్గర ఆగింది. యాకోబు బావి అక్కడే కదా అన్నాను. అది నిజమే, చూడాలనీ ఉంది. పాస్‌పోర్టు మీద ముద్ర వేయరు, చిన్న నీలం కాగితం చేతికిస్తారు. ఆ కాగితం పారేసుకోవద్దని వెనకాల క్యూలో పాస్టరుగారు గట్టిగా అరిచి తనవాళ్లకు చెబుతున్నారు.

అందరికీ ఇంత తేలిగ్గా కాదు. 2017 మార్చిలో ఇజ్రాయెల్ పార్లమెంటు ఒక సవరణ చేసింది. ఇజ్రాయెల్‌నో, దాని ఆధీనంలోని ప్రాంతాన్నో బహిష్కరించాలని పిలుపునిచ్చిన విదేశీయుడికి, మంత్రి ప్రత్యేకంగా ఒప్పుకుంటే తప్ప, వీసా ఇవ్వకూడదు, లోపలికి రానివ్వకూడదు. మరుసటి ఏడాది అక్టోబరులో లారా అల్‌ఖాసిమ్ అనే అమెరికా విద్యార్థినిని ఈ చట్టం కిందే విమానాశ్రయంలో ఆపేశారు. ఆమె హీబ్రూ విశ్వవిద్యాలయంలో చదువుకోవడానికి వీసా తీసుకునే వచ్చింది. సుప్రీంకోర్టు ఆమె పక్షాన తీర్పు చెప్పేదాకా రెండు వారాలు అక్కడే ఉంది. 2019 ఆగస్టులో అయితే ఇల్హాన్ ఒమర్, రషీదా త్లైబ్ అనే ఇద్దరు అమెరికా పార్లమెంటు సభ్యులకే తలుపు వేసేశారు.

బుధవారం, అక్టోబరు 30

పాత జెరూసలేంలో హెరోద్ గేటు లోపలికి వెళ్తే ఇండియన్ హాస్పిస్ ఉంది. సూఫీ గురువు బాబా ఫరీద్ ఎనిమిది వందల ఏళ్ల కిందట ఇక్కడ ధ్యానం చేసుకున్నాడని చెబుతారు. 1924 నుంచి సహారన్‌పూర్ నుంచి వచ్చిన అన్సారీ కుటుంబం దీన్ని చూసుకుంటోంది. గేటు మీద మన జెండా బొమ్మ చూస్తే ఎంత దూరమొచ్చినా ఇంటి వీధి మలుపు తిరిగినట్టుంటుంది. 1918లో బ్రిటిష్‌వాళ్ల తరఫున ఈ నేల మీద పోరాడిన గుర్రపు దళంలో నిజాం పంపిన హైదరాబాద్ లాన్సర్లు కూడా ఉన్నారు. పరదేశులు వచ్చి ఇక్కడివాళ్ల తగాదాలో వేలు పెట్టడం ఇప్పటి సంగతి కాదు.

సాయంత్రం గోడ మీద నడక, ఒక ఫలాఫెల్, తొందరగా నిద్ర.

గురువారం, అక్టోబరు 31

హెబ్రోన్. మన బైబిల్లో హెబ్రోను, అబ్రాహాము సమాధి ఉన్న ఊరు. సమాధి మీది కట్టడం ఒక సగం మసీదు, ఒక సగం యూదుల ప్రార్థనా మందిరం. మధ్య గోడ, రెండు వేర్వేరు దారులు. 1994 ఫిబ్రవరి 25న బారూఖ్ గోల్డ్‌స్టైన్ అనే సెటిలర్ (ఆక్రమిత నేల మీద కట్టిన యూదు కాలనీలో, అంటే సెటిల్‌మెంట్‌లో ఉండేవాడు) నమాజులో ఉన్నవాళ్ల మీద కాల్పులు జరిపి 29 మందిని చంపాడు. ఆ తర్వాతే ఇంత కట్టుదిట్టం.

ఆ హత్యాకాండ తర్వాతే ఇక్కడికి విదేశీ పరిశీలకులు కూడా వచ్చారు. టిఫ్ అని పిలిచేవాళ్లు. నార్వే, స్వీడన్, స్విట్జర్లాండ్, ఇటలీ, టర్కీల నుంచి అరవై మందికి పైగా. ఆయుధం లేదు, అరెస్టు చేసే అధికారం లేదు. చూస్తారు, రాసుకుంటారు, నివేదిక ఇస్తారు. ఆ నివేదికలు బయటికి రావు, ఇజ్రాయెల్‌కూ పాలస్తీనా అథారిటీకీ వాళ్లను పంపిన దేశాలకూ మాత్రమే వెళ్తాయి. ఇరవై ఏళ్లకు పైగా ఇదే పని. 2019 జనవరిలో ఇజ్రాయెల్ ప్రధాని నెతన్యాహు వాళ్ల గడువు పొడిగించనన్నాడు. సర్దుకుని వెళ్లిపోయారు.

షుహదా వీధి ఒకప్పుడు కిటకిటలాడే బజారు. ఇప్పుడు దుకాణాల ఇనుప తలుపులు వెల్డింగ్ చేసి ఉన్నాయి. ఇజ్రాయెల్ సైన్యం చేతిలో ఉన్న ఈ భాగంలో 30 వేలకు పైగా పాలస్తీనియన్లు, వాళ్ల మధ్య సుమారు 800 మంది సెటిలర్లు. పాత బజారు సందులో తలెత్తి చూస్తే ఇనుప వల, దాని మీద సీసాలు, ఇటుక ముక్కలు, ఒక కుర్చీ కాలు. పై అంతస్తుల్లో ఉండేది సెటిలర్లు.

కుండలు అమ్మే పెద్దాయన టీ పోసి కూర్చోబెట్టాడు. టిఫ్ వాళ్ల వల్ల ఏమైనా ఒరిగిందా అని అడిగాను. "ఏమీ చేసేవాళ్లు కాదు. కానీ చూసేవాళ్లు" అన్నాడు. ఆ చొక్కాలు కనపడితే అబ్బాయిలను బడికి ఒంటరిగా పంపేవాడట.

చెక్‌పోస్టు అవతల ఒక యూదు కుటుంబ పెద్దను అడిగితే లెక్క తిరగబడింది. ఆయన దృష్టిలో వాళ్లు తటస్థులు కారు, జీతం తీసుకుని తమ మీద చాడీలు రాసేవాళ్లు. 2018లో టిఫ్‌లో పనిచేసే ఒక స్విస్ ఉద్యోగి పదేళ్ల యూదు పిల్లవాడి చెంప మీద కొట్టిన వీడియో, ఇంకొకడు సెటిలర్ కారు టైరు పంక్చర్ చేసిన వీడియో ఆయన ఫోన్లోనే ఉన్నాయి, చూపించాడు. అవి అబద్ధం కావు. గొడవ ఆపడానికి వచ్చినవాడు చెయ్యి చేసుకుంటే, పంపించేయాలని చూస్తున్నవాడికి అంతకంటే ఏం కావాలి? అదే టిఫ్ పరిశీలకులు ఇద్దరిని 2002 మార్చిలో హెబ్రోన్ బయట పాలస్తీనా సాయుధుడు కాల్చి చంపాడన్న సంగతి మాత్రం ఆ రోజు ఇటువాళ్లూ ఎత్తలేదు, అటువాళ్లూ ఎత్తలేదు.

శుక్రవారం, నవంబరు 1

డమాస్కస్ గేటు దగ్గర 218 నంబరు బస్సెక్కి రమల్లా, అక్కడి నుంచి షేర్ టాక్సీలో నాబ్లస్. దారిలో పెద్ద ఎర్ర బోర్డులు వస్తాయి, మూడు భాషల్లో: ఇది పాలస్తీనా అథారిటీ ప్రాంతం, ఇజ్రాయెల్ పౌరులు వెళ్లకూడదు, ప్రాణాపాయం, చట్టవిరుద్ధం. నాకు అడ్డు లేదు. ఒక పరదేశికి ఇక్కడ ఉండే స్వేచ్ఛ ఈ మట్టిలో పుట్టిన ఇద్దరికీ లేదు. ఈ టాక్సీలో ఉన్నవాళ్లు పర్మిట్ లేకుండా జెరూసలేం వెళ్లలేరు, ఆ బోర్డుకు అవతల ఉన్నవాళ్లు నాబ్లస్ రాలేరు. నేను పొద్దున అక్కడ టీ తాగి మధ్యాహ్నం ఇక్కడ కునాఫా తింటున్నాను. నాబ్లస్ కునాఫా మీద వేడి పాకం పోసి ఇస్తే నోట్లో జున్ను తీగలా సాగుతుంది. దాని గురించి ఒక వ్యాసం రాయొచ్చు, ఇది అది కాదు.

సాయంత్రం టీచరమ్మ వాళ్ల బసలో కొత్తగా వచ్చినవాళ్లకు క్లాసు. ఆమెకు అప్పటికి అరవై ఎనిమిది. చేతిలో కాగితం లేకుండా చెప్పుకుపోతోంది. పొలంలో మాట రైతుది, మనది కాదు. సైనికులతో వాదించొద్దు. సెటిలర్లు వస్తే వీడియో తీయండి, తిట్టొద్దు, రాయి ముట్టుకోవద్దు. ఆడవాళ్ల మొహాలు అడక్కుండా తీయొద్దు. రైతు వెళ్లిపోదామంటే వెళ్లిపోవాలి.

క్లాసు అయ్యాక మాటలు రేచల్ కోరీ మీదికి వెళ్లాయి. ఇక్కడ ఎప్పుడూ అటే వెళ్తాయట. రేచల్‌ది అమెరికాలోని ఒలింపియా. 23 ఏళ్లు. 2001లో మొదలైన ఇంటర్నేషనల్ సాలిడారిటీ మూవ్‌మెంట్ తరఫున గాజాలోని రఫాకు వచ్చింది. 2003 మార్చి 16న ఒక ఇంటిని కూల్చకుండా అడ్డం నిలబడితే సైన్యం వాడే డి9 బుల్డోజర్ కింద నలిగి చనిపోయింది. డ్రైవర్‌కు ఆమె కనపడలేదని సైన్యం తేల్చింది, కనపడే తీరాలని తోటివాళ్లన్నారు. తల్లిదండ్రులు వేసిన దావాను హైఫా జిల్లా కోర్టు 2012లో కొట్టేసింది. అది యుద్ధ ప్రాంతమనీ, ఆమె కావాలనే ప్రమాదంలోకి వెళ్లిందనీ చెప్పింది. 2015లో సుప్రీంకోర్టు ఆ తీర్పునే ఖాయం చేసింది. నేను ఆ రోజుల్లో పేపర్లో ఆ ఫొటో చూశాను, నారింజ రంగు జాకెట్, చేతిలో మైకు. ఇరవై మూడేళ్ల పిల్లకు ఇంత దూరంలో ఏం పని అని మా నాన్న అడిగారు. అప్పుడు నా దగ్గర జవాబు లేదు.

రేచల్ పోయిన నెలలోపే అదే రఫాలో టామ్ హర్న్‌డల్ అనే బ్రిటిష్ విద్యార్థి కాల్పుల మధ్య చిక్కిన పిల్లలను పక్కకు తీస్తుండగా తలకు తూటా తగిలింది. తొమ్మిది నెలలు కోమాలో ఉండి 2004 జనవరిలో చనిపోయాడు. కాల్చిన సైనికుడు మొదట ఆ కుర్రాడి చేతిలో తుపాకీ ఉందన్నాడు, తర్వాత అది అబద్ధమని తేలింది. ఎనిమిదేళ్ల శిక్ష పడింది. లండన్ నుంచి ఆ కుటుంబం పట్టు విడవకుండా తిరిగింది కాబట్టే కేసు అంతదూరం వెళ్లింది.

బృందంలోని ఒక డెన్మార్క్ కుర్రాడు వీళ్లందరినీ అమరులంటూ ఆవేశపడుతుంటే టీచరమ్మ ఆపింది. "విట్టోరియో సంగతి కూడా చెప్పు" అంది. విట్టోరియో అరిగోనీ ఇటలీవాడు, అదే సంస్థ, గాజాలో ఏళ్ల తరబడి ఉన్నాడు. 2011 ఏప్రిల్‌లో అతన్ని ఎత్తుకెళ్లి చంపింది ఇజ్రాయెల్ కాదు, గాజాలోని సలఫీలనే ఛాందస ఇస్లాం ముఠా. ఇంకొకటి కూడా ఆమె దాచలేదు. ఆ సంస్థ తను అహింసనే పాటిస్తానంటూనే, సాయుధ పోరాట హక్కు పాలస్తీనియన్లకు ఉందని తన ప్రకటనలో రాసుకుంది. ఇజ్రాయెల్ ప్రతిసారీ ఎత్తి చూపేది ఆ వాక్యాన్నే. తను ఆ సంస్థలో చేరకుండా చర్చి బృందంతో రావడానికి ఆ వాక్యమే కారణమంది.

శనివారం, నవంబరు 2

బురీన్ నాబ్లస్‌కు దక్షిణాన లోయలో ఉన్న ఊరు. ఒక కొండ మీద యిట్జార్ సెటిల్‌మెంట్, ఇంకో కొండ మీద హర్ బ్రాఖా సెటిల్‌మెంట్. ఊళ్లో ఎక్కడ నిలబడ్డా పైనుంచి ఎవరో చూస్తున్నట్టే ఉంటుంది. మేం వెళ్లడానికి రెండు వారాల ముందే ఇక్కడ ముసుగులు వేసుకున్న కుర్రాళ్లు కొండ దిగి కోతలు కోస్తున్నవాళ్లను ఇనుప రాడ్లతో కొట్టారు. దెబ్బలు తిన్నవాళ్లలో ఎనభై ఏళ్ల ఇజ్రాయెలీ రబ్బీ (యూదు మతగురువు) ఒకాయన ఉన్నాడు, చెయ్యి విరిగింది. ఆ తర్వాత కొద్ది రోజులకే యిట్జార్ దగ్గర సెటిలర్ కుర్రాళ్లు తమ సైనికుల మీదే రాళ్లు రువ్వారు.

ఏడింటికల్లా చెట్ల కింద పట్టాలు పరిచారు. పొలం ఆ ఇంటి పెద్దాయనది, ఆయన కూతురు నాబ్లస్ యూనివర్సిటీలో చదువుతోంది, ఆమే మాకు దుబాసీ. కోత చూడ్డానికి సులువు. పిల్లలు ఇసుకలో ఆడుకునే పారలా ఉండే ప్లాస్టిక్ దువ్వెన పట్టుకుని కొమ్మను పైనుంచి కిందికి దువ్వితే కాయలు పట్టా మీద టపటపా రాలతాయి. గట్టిగా లాగితే లేత రెమ్మ కూడా ఊడొస్తుంది. వచ్చే ఏడు కాపు ఆ రెమ్మ మీదే. నేను రెండు రెమ్మలు విరిచేసరికి పెద్దావిడ నా చేతిలో దువ్వెన లాక్కుని బక్కెట్టు పెట్టింది, కింద రాలినవి ఏరమని. టీచరమ్మకు మాత్రం నిచ్చెన ఇచ్చారు. ఆమె తోటపని చూస్తే ఎవరైనా ఇస్తారు.

పరదేశుల వల్ల పని త్వరగా అవుతుందనుకుంటే పొరపాటు. నిమిషానికోసారి నీళ్లు, ఎండ టోపీ, ఫొటో. మా బృందం మొత్తం కోసినంత ఆ ఇంటి కోడళ్లు ఇద్దరు కోసి పడేశారు. పైగా మాకు భోజనం వండాలి. డెన్మార్క్ కుర్రాడు ఫోన్ పెట్టి లైవ్ మొదలెట్టాడు, వెనక ఉన్న ఆడవాళ్లు వీడియోలో పడుతున్నారు. కూతురు వెళ్లి ఆపించింది. "నీ వీడియో అక్కడ చూస్తారు, మా ఇల్లు ఎక్కడో పైవాళ్లు కూడా చూస్తారు" అంది. వాడు ఎర్రబడి ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. టీచరమ్మ ముందు రోజు రాత్రే చెప్పిన మాట అది.

పదకొండింటికి జీపు వచ్చింది. ఇద్దరు సైనికులు దిగి చూశారు. సెటిల్‌మెంట్ల దగ్గరి పొలాలకు రైతులు వెళ్లే ఏర్పాటు చేయాలనీ, వాళ్లకు రక్షణ ఇవ్వాలనీ 2006లో ఇజ్రాయెల్ హైకోర్టు సైన్యానికి చెప్పింది. అదే సైన్యానికి ఒక కాగితం మీద మ్యాపు గీసి, ఫలానా చోటు ఇవాళ్టికి మూసిన సైనిక ప్రాంతం అని ప్రకటించే అధికారమూ ఉంది. అప్పుడు అక్కడ ఉన్న విదేశీయుడు నేరం చేసినట్టే, విమానం ఎక్కించేయొచ్చు. ఆ రోజు అలాంటిదేమీ జరగలేదు. పాస్‌పోర్టులు అడిగారు. నాది చూసి చిన్నవాడు నవ్వాడు. "ఇండియా! ఆర్మీ అయ్యాక గోవా వెళ్తా" అన్నాడు. హైదరాబాద్‌లో బిర్యానీ తినమన్నాను. టీచరమ్మ పాస్‌పోర్టు మాత్రం పేజీ పేజీ తిప్పారు.

జీపు వెళ్లాక భోజనానికి కూర్చున్నాం. రొట్టె, కొత్త నూనె, ఎండిన జాతర్ ఆకు పొడి, సేజ్ ఆకు వేసిన టీ. మీకు వీళ్లెందుకు అని పెద్దాయన్ని సూటిగానే అడిగాను, టీచరమ్మ వింటుండగానే. ఆయన కాసేపు రొట్టె నమిలాడు.

"వీళ్లు కోసేది ఎంత? ఏమీ లేదు. వీళ్లకు ఏమైనా అయితే వీళ్ల దేశం ఫోన్ చేస్తుంది. మా అబ్బాయికి అయితే ఎవరు చేస్తారు?"

కూతురు దీన్ని ఇంగ్లిష్‌లోకి మార్చి, తన మాట కూడా కలిపింది. "మాకు సిగ్గుగా ఉంటుంది. మా చెట్టు మేం కోసుకోవడానికి ఇంకో దేశం అమ్మమ్మ కావాలి."

నేను ఈ యాత్రలో విన్నవాటిలో ఇంతకంటే సూటి మాట లేదు. పరదేశి ఇక్కడ పనికొచ్చేది చేతులతో కాదు, పాస్‌పోర్టుతో. ఆ పాస్‌పోర్టుకు విలువ రావడానికి కారణం పక్కవాడి ప్రాణానికి ఆ విలువ లేకపోవడమే. మంచి మనసున్న కార్యకర్తకు కూడా ఈ లెక్క తప్పదు, అతను ఉన్నంతసేపూ అది నడుస్తూనే ఉంటుంది. అందుకే టీచరమ్మ లాంటివాళ్లంటే నాకు గౌరవం పెరిగింది, పోస్టర్ల మీద అమరుల భాష అంటే తగ్గింది.

ఆ పాస్‌పోర్టు కూడా ఎల్లకాలం కాపాడదు. 2024 సెప్టెంబరు 6న బురీన్‌కు ఎంతో దూరం లేని బేతాలో ఐషెనూర్ ఎజ్గీ ఐగీ అనే 26 ఏళ్ల టర్కిష్ అమెరికన్ యువతి తలకు తూటా తగిలి చనిపోయింది. వచ్చి వారం కూడా కాలేదు. తమ తూటాయే పొరపాటున తగిలి ఉండొచ్చని, గురి వేరొకరి మీదని సైన్యం చెప్పింది. గొడవ సద్దుమణిగి ఆమె ఆలివ్ తోటలోకి తప్పుకున్నాకే కాల్చారని అక్కడున్నవాళ్లు చెప్పారు. అమెరికా అధ్యక్షుడు మాట్లాడాడు, విదేశాంగ మంత్రి మాట్లాడాడు. పెద్దాయన చెప్పిన ఆ ఫోన్ వచ్చింది, మనిషి పోయాక.

ఆదివారం, నవంబరు 3

నాబ్లస్ నుంచి టాక్సీలో గెరిజీము కొండ. సమరయుల ఊరు, వాళ్ల పాత గుడి శిథిలాలు. కొద్ది వందల మంది ఉన్న జాతి, అటూ ఇటూ రెండు వైపులా గుర్తింపు కార్డులు ఉన్నవాళ్లు. వాళ్ల గురించి మరోసారి.

శిథిలాల దగ్గర ఇద్దరు అమెరికన్ కుర్రాళ్లు కలిశారు. బూట్ల నిండా ఎర్రమట్టి. పక్కనే ఉన్న హర్ బ్రాఖా నుంచి వచ్చారు. అక్కడ హయోవెల్ అనే అమెరికన్ క్రైస్తవ సంస్థ ఏటా వందల మంది స్వచ్ఛంద కార్యకర్తలను తెచ్చి సెటిలర్ల ద్రాక్షతోటల్లో పని చేయిస్తుంది. కూలి లేదు, ఎవరి ఖర్చు వాళ్లదే. చర్చిలో విరాళాలు పోగుచేసుకుని వచ్చారు. యిర్మీయా 31వ అధ్యాయంలో షోమ్రోను కొండల మీద మళ్లీ ద్రాక్షలు నాటుతారన్న మాట ఉంది కదా, అది నెరవేరుతుంటే చేతులు కలపడానికి వచ్చామన్నారు. మంచి పిల్లలు. నాకు నీళ్ల బాటిల్ ఇచ్చారు, ఆంధ్రలో చర్చిలెన్ని అని అడిగారు.

కొండకు దక్షిణాన కింద లోయలోనే బురీన్. ఎప్పుడైనా వెళ్లారా అన్నాను. ఆ ఊరి పేరు వాళ్లు వినలేదు.

విదేశీ కార్యకర్తల మీద ఇజ్రాయెల్లో చర్చ వచ్చినప్పుడు వినపడే మాట, మా గొడవలో బయటివాళ్లకేం పని అని. కొండ మీద ద్రాక్ష కోసేవాడు, లోయలో ఆలివ్ కోసేది, ఇద్దరూ బయటివాళ్లే. ఇద్దరూ సొంత డబ్బుతో, నమ్మకంతో వచ్చినవాళ్లే. ఆ సెటిల్‌మెంట్లు అంతర్జాతీయ చట్టానికి విరుద్ధమని ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి 2016 డిసెంబరులో 2334 నంబరు తీర్మానంలో మళ్లీ చెప్పింది కూడా, ఇజ్రాయెల్ ఒప్పుకోకపోయినా. కానీ విమానం ఎక్కించి పంపించేది ఎవరినో అందరికీ తెలుసు. అయినవాళ్లకు ఆకుల్లో, కానివాళ్లకు కంచాల్లో అన్నట్టుంది.

సోమవారం, నవంబరు 4

టెల్ అవీవ్. సముద్రం ఒడ్డున బెంచీ మీద కూర్చుంటే చక్రాల కుర్చీ తోసుకుంటూ ఒకతను, ఫోన్లో తెలుగు. జగిత్యాల దగ్గరి ఊరు. వృద్ధులను చూసుకునే పనిలో నిజామాబాద్, కరీంనగర్ వైపు వాళ్లు ఇక్కడ చాలామందే ఉన్నారు. కుర్చీలో ఉన్నావిడ రొమేనియాలో పుట్టి చిన్నప్పుడే వచ్చేసింది.

"నాబ్లస్ పోయినవా అన్నా? జర పైలం. గీ లొల్లి మనకెందుకే. నా వీసా పోతే ఊళ్లె అప్పు ఎవలు కడ్తరు?" అన్నాడు. ఈ పని వీసా మామూలుగా 63 నెలలు. ఆయన పక్కింటి పాలస్తీనా గొడవ గురించి నోరెత్తితే ఆ 63 నెలలు ఏమవుతాయో ఆయనకు నాకంటే బాగా తెలుసు. ఇలాంటి పరదేశుల గురించి ఎవరూ చర్చ పెట్టరు.

నేను ఎక్కడి నుంచి వస్తున్నానో పెద్దావిడకు హీబ్రూలో చెప్పాడు. ఆమె నన్ను ఎగాదిగా చూసి గడగడా మాట్లాడింది. అతను తగ్గించి చెప్పాడు. "నీలాంటోళ్లు మా దుఃఖం సూడరు అంటుంది." చెయ్యి చాచి ఒడ్డు వెంబడి చూపించింది. అక్కడ మైక్స్ ప్లేస్ అనే బారు ఉంది. 2003 ఏప్రిల్ 30న అర్ధరాత్రి దాటాక అక్కడ ఆత్మాహుతి దాడిలో ముగ్గురు చనిపోయారు. దాడికి వచ్చినవాళ్లు ఇద్దరూ బ్రిటిష్ పౌరులు. దాడికి కొద్ది రోజుల ముందు రఫాలో వాళ్లు సాలిడారిటీ మూవ్‌మెంట్ వాళ్లను కలిశారు. సంస్థ తమకేమీ తెలియదని, వాళ్లు అందరితో పాటు వచ్చి టీ తాగి వెళ్లారని చెప్పింది. కానీ ఆ తర్వాత నుంచి సైన్యానికి గాజా వెళ్లే ప్రతి విదేశీయుడూ అనుమానితుడే. ఆ మే నెలలో, మాకేమైనా అయితే సైన్యానిది బాధ్యత కాదని రాయించుకున్నాకే గాజాలోకి పంపేవాళ్లు.

బురీన్‌లో రైతుకు ధైర్యమిచ్చే అదే బ్రిటిష్ పాస్‌పోర్టు. పెద్దావిడ కోపం నాకు అర్థమైంది. అయితే ఆ ఇద్దరి లెక్కలో అరవై ఎనిమిదేళ్ల టీచరమ్మను కలపడానికి మాత్రం నాకు మనసు రాలేదు. ఆ ముక్క చెప్పాను. అతను దాన్ని హీబ్రూలో చెప్పాడో లేదో తెలీదు, ఆమె మాత్రం సంచిలోంచి బిస్కెట్ తీసి ఇచ్చింది.

మంగళవారం, నవంబరు 5

జెరూసలేంలో హాస్టల్ హాల్లో అందరి ఫోన్లూ ఒకేసారి మోగాయి. ఒమర్ షాకిర్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు. అతను హ్యూమన్ రైట్స్ వాచ్ అనే మానవ హక్కుల సంస్థ తరఫున ఇజ్రాయెల్, పాలస్తీనా వ్యవహారాలు చూసే అమెరికన్. 2017 చట్టం కింద ప్రభుత్వం అతన్ని వెళ్లిపొమ్మంది. మేం ఇజ్రాయెల్‌ను బహిష్కరించమనలేదు, సెటిల్‌మెంట్లలో వ్యాపారం ఆపమని కంపెనీలకు చెప్పామంతే అని సంస్థ వాదించింది. చట్టానికి ఆ తేడా లేదు. ముగ్గురు జడ్జీలూ ప్రభుత్వం వైపే తేల్చారు. నవంబరు 25న అతను దేశం విడిచాడు. ఇక్కడ పనిచేస్తున్న మనిషిని ఆ చట్టం కింద పంపించేయడం అదే మొదలు.

హాస్టల్ రిసెప్షన్‌లో పనిచేసే ఇజ్రాయెలీ కుర్రాడు సైన్యం ముగించుకుని వచ్చినవాడు. ఆక్రమణ అంటే అతనికీ గిట్టదు. అయినా అతనికి మా మీద కూడా విసుగే. "మీరు వారం ఉంటారు, వెళ్లి రాస్తారు. నేను ఇక్కడే ఉండాలి, మా చుట్టాలతో పండగలకు కూర్చోవాలి" అన్నాడు. బురీన్‌లో చెయ్యి విరిగిన రబ్బీని ఎవరూ డిపోర్ట్ చేయలేరు కదా అన్నాను. "అదే. మమ్మల్ని ద్రోహులంటారు, మిమ్మల్ని పంపించేస్తారు. మిమ్మల్ని పంపడం తేలిక" అన్నాడు.

తేలికన్న సంగతి తర్వాత బాగానే కనపడింది. 2025 జూన్‌లో స్వీడన్ కార్యకర్త గ్రేటా థన్‌బర్గ్ ఉన్న, గాజాకు సాయం తీసుకెళ్తున్న మాడ్లీన్ పడవను ఆపారు. అక్టోబరులో గాజాకు బయల్దేరిన నలభైకి పైగా పడవలను సముద్రంలోనే పట్టుకుని వందల మందిని వెనక్కి పంపారు. ఆ పడవలు ఎక్కించుకున్న సాయం గాజా అవసరానికి ఏ మూలకు? ప్రచారం కోసమని ఇజ్రాయెల్ అన్నదాంట్లో అబద్ధం లేదు, పడవల వాళ్లూ దాచుకోలేదు. లోకం దృష్టి మళ్లించడమే వాళ్ల పని. నన్ను ఎక్కువ కుదిపింది ఆ అక్టోబరులోనే వచ్చిన ఇంకో చిన్న వార్త. బురీన్ ఆలివ్ తోటల్లో 32 మంది విదేశీయుల అరెస్టు, దేశం నుంచి పంపించివేతకు ఆదేశం. కారణం, మూసిన సైనిక ప్రాంతంలో ఉన్నారని.

బుధవారం, నవంబరు 6

వెళ్లేటప్పుడు ప్రశ్నలు వచ్చేటప్పటికంటే ఎక్కువ. ఎవరిని కలిశారు, ఎవరైనా ఏదైనా ఇచ్చారా. నూనె సీసా, దాన్ని నాబ్లస్‌లో కొన్నానన్నాను. సీసా ఊపి చూసి పెట్టెలో పెట్టేశారు.

టీచరమ్మ కొవిడ్ అయ్యాక ఒకసారి వెళ్లొచ్చింది. 2025లో ఆ 32 మంది వార్త చూసి ఫోన్ చేశాను. ఆ ఏడాది జనవరి నుంచి బ్రిటిష్‌వాళ్లు కూడా బయల్దేరే ముందే ఆన్‌లైన్‌లో అనుమతి తీసుకోవాలి. కాదంటే ఇంట్లోనే తెలిసిపోతుంది, విమానాశ్రయంలో కెమెరాల ముందు గొడవ ఉండదు. ఆమె ఆ ఫారం ముందు కూర్చునే ఉంది.

"మీ ఇండియన్లకు ఎప్పుడూ ముందే వీసా కావాలి కదా, నువ్వు అప్పుడు కారణం ఏం రాశావు?" అని అడిగింది.

యాత్ర అని రాశానన్నాను.